పూత రాలకుండా పిందె కట్టాలన్నా, నాటు విత్తనం చెడకుండా ఉండాలన్నా: మేడ మీద మొక్కలకి స్వపరాగ సంపర్కం

మాది వైజాగ్‌లో పెందుర్తి వైపు, డాబా మీద 60 దాకా కుండీలు, గ్రో బ్యాగులు ఉన్నాయి. శీతాకాలం వచ్చిందంటే మా వీధిలో మొక్కలు పెంచేవాళ్ళు నన్ను అడిగేది ఒకటే, అక్కా టమాటా నిండా పూత ఉంది కానీ ఒక్క పిందె నిలబడట్లేదు ఏం మందు కొట్టమంటావు అని. చాలాసార్లు మందు అక్కర్లేదు, పువ్వులో పుప్పొడి ఉంది, పుప్పొడి పడాల్సిన చోటు కూడా అదే పువ్వులో ఉంది, ఆ రెండిటికీ మధ్య దూరం ఒక బియ్యపు గింజంత కూడా ఉండదు, ఆ కాస్త దూరం పుప్పొడి కదలట్లేదు అంతే. దాన్ని కదపడం ఒక పని. ఇంకో పని ఏటంటే పక్క మొక్క పుప్పొడి వచ్చి మన నాటు రకంలో కలవకుండా చూసుకోవడం. ఈ రెండూ నేర్చుకుంటే కాయా మనదే విత్తనమూ మనదే.

రెండోది నేను ఎందుకు ఇంత పట్టుబట్టి చెప్తున్నానంటే, మా అత్తగారిది చోడవరం దగ్గర పల్లె, ఆవిడ దగ్గర ఒక తెల్ల వంకాయ విత్తనం ఉండేది, కోడిగుడ్డు కంటే కొంచెం పొడుగు, పులుసులో వేస్తే వెన్నలా ఉడికేది. ఆవిడ ఇచ్చిన విత్తనం తెచ్చి పక్కనే రైతు బజార్లో కొన్న ఊదా వంకాయ నారు పెట్టేశాను. ఆ ఏడాది తెల్ల మొక్కకి తెల్ల కాయలే కాశాయి, అందులోంచే విత్తనం తీశాను, తర్వాత ఏడాది వేస్తే సగం మొక్కలకి ఊదా కాయలు. చాలా బాధేసింది, ఎందుకంటే అప్పటికి అత్తగారు పోయారు, ఊళ్ళో ఎవరి దగ్గరుందో అని ఇల్లిల్లూ తిరిగితే ఒక మామ్మగారి దగ్గర ఒక కాయ విత్తనం దొరికింది. అప్పట్నుంచి పువ్వుకి సంచి కట్టకుండా నేను వంగ విత్తనం తియ్యలేదు.

ముందు పువ్వు లోపల ఏముందో చూడండి, చూడకుండా చేసే పని కాదిది. మధ్యలో కీలం ఉంటుంది, దాని తల కీలాగ్రం, జిగురుగా ఉంటుంది, పుప్పొడి అంటుకోవాల్సింది అక్కడే. చుట్టూ కేసరాలు, వాటి చివర పుప్పొడి సంచులు. కింద అండాశయం, అదే రేపు కాయ. ఒక పువ్వు పుప్పొడి అదే పువ్వు కీలాగ్రం మీద పడితే స్వపరాగ సంపర్కం. అదే మొక్క మీదున్న ఇంకో పువ్వు మీద పడినా జన్యువుల లెక్కలో అదీ స్వపరాగమే, ఎందుకంటే తల్లీ తండ్రీ రెండూ ఒకే మొక్క కదా. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, సొర, కాకర దగ్గరికి వచ్చేసరికి అవసరం పడుతుంది.

టమాటాతో మొదలెడదాం. టమాటా పువ్వు మధ్యలో పసుపు రంగు శంకువు ఒకటి ఉంటుంది చూశారా, అది కేసరాలన్నీ అంటుకుపోయి గొట్టంలా అయినది. కీలం ఆ గొట్టం లోపల ఉంటుంది. పుప్పొడి సంచులు గొట్టం లోపలి వైపుకే చీలుతాయి, అందుకని పువ్వు అదిరితే పుప్పొడి లోపలే రాలి కీలాగ్రం మీద పడుతుంది. పువ్వు తల కిందకి వేలాడేది కూడా దీనికి బాగా పనికొస్తుంది. అంటే ఈ పువ్వుకి కావాల్సింది ఊపు. తేనెటీగ వచ్చి వాలినా ఆ ఊపు ఇవ్వలేదు, తుమ్మెద ఇస్తుంది, అది పువ్వుని కాళ్ళతో పట్టుకుని రెక్కలు కదపకుండానే ఒళ్ళంతా జుమ్మని అదిరిస్తుంది, అప్పుడు పుప్పొడి బుస్సున రాలుతుంది. గాలి కూడా కొంత పని చేస్తుంది, అందుకే లాసన్స్ బే వైపు సముద్రానికి ఎదురుగా మేడ ఉన్నవాళ్ళకి ఈ బాధ తక్కువ, అదే ఎంవీపీ కాలనీలో మూడు వైపులా అపార్టుమెంట్లు ఉండి గ్రిల్ వేసిన బాల్కనీలో కుండీ పెట్టుకున్నవాళ్ళకి గాలీ రాదు తుమ్మెదా రాదు, పూత పూసి పూసి రాలిపోతుంది.

వాళ్ళు చెయ్యాల్సింది ఇది. పొద్దున్న 9:30 నుంచి 11 లోపు, మంచు తడి పూర్తిగా ఆరాక, విచ్చుకుని రేకులు వెనక్కి మళ్ళిన పువ్వుల్ని చూసుకుని, ఎలక్ట్రిక్ టూత్ బ్రష్ పాతది ఉంటే ఆన్ చేసి దాని వెనక భాగం పూగుత్తి కాడకి ఆనించండి, పువ్వుకి కాదు కాడకి, రెండు మూడు సెకన్లు చాలు. బ్రష్ లేకపోతే చూపుడు వేలితో కాడ మీద క్యారమ్స్ కాయిన్ కొట్టినట్టు మెల్లగా టకటకా నాలుగుసార్లు కొట్టండి. పుప్పొడి రాలుతోందో లేదో తెలియాలంటే ఫోన్ స్క్రీన్ ఆపేసి, ఆ నల్లటి అద్దం పువ్వు కింద పెట్టి కొట్టండి. సన్నగా పసుపు తెలుపు పొడి పడితే పని జరుగుతున్నట్టే. ఏమీ పడకపోతే ఇంకా టైం కాలేదు, లేదా పుప్పొడి తడిసి ముద్దయిపోయింది. మన వైజాగ్‌లో అదే పెద్ద తలనొప్పి, గాల్లో తేమ ఎక్కువ, ముసురు పట్టిన రోజున ఎంత కొట్టినా పొడి రాలదు, ఆ రోజు వదిలేసి మర్నాడు చెయ్యండి, ఎలాగూ టమాటా పువ్వు రెండు మూడు రోజులు ఉంటుంది. రోజు విడిచి రోజు ఒక రౌండు తిరిగితే ఏ పువ్వూ మిస్సవదు.

ఇంకో మాట, మే నెలలో టమాటా నిలబడట్లేదని బాధపడొద్దు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 27, 28 ఉంటే టమాటా పుప్పొడి సరిగ్గా తయారవ్వదు, తయారైనా మొలవదు, అప్పుడు మీరు బ్రష్ పెట్టినా తుమ్మెదలు వెయ్యి వచ్చినా లాభం లేదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పూత ఉండేలా నారు పోసుకోవడమే దారి. నేను ఆగస్టు చివర నారు పోసి, అక్టోబర్ తుఫానుల సీజన్‌లో మొక్కలు మెట్ల గదిలోకి లాక్కునేలా చిన్న కుండీల్లో ఉంచి, తర్వాత పెద్ద సంచుల్లోకి మారుస్తాను, పని ఎక్కువే కానీ 2014 హుద్‌హుద్ అప్పుడు మేడ మీద ఒక్క కుండీ మిగల్లేదు, అది చూశాక ఈ పని నాకు బరువనిపించదు.

వంకాయ కథ వేరు, దీని గురించి చాలామందికి తెలీదు. వంగ పువ్వులన్నీ ఒకేలా ఉండవు. ఒక పువ్వు తెంపి పక్కనుంచి చూడండి, కొన్నిట్లో కీలం పొడుగ్గా ఉండి పసుపు కేసరాల మధ్యలోంచి ఆకుపచ్చ తల బయటికి కనిపిస్తుంది, ఇవి కాయ కట్టేవి. కొన్నిట్లో కీలం పొట్టిగా కేసరాల లోపలే ఉండిపోతుంది, తల కనపడదు, ఇవి రాలిపోతాయి, మనం ఏం చేసినా రాలిపోతాయి. మధ్యరకం కూడా ఉంటాయి, అవి కొన్ని నిలుస్తాయి. గుత్తిలో మొదట వచ్చే పెద్ద పువ్వు ఎక్కువగా పొడుగు కీలం రకమే. కాబట్టి వంగ పూత రాలుతోంది అని కంగారు పడే ముందు రాలిన పువ్వు తీసి చూడండి, పొట్టి కీలం అయితే అది సహజం. పొడుగు కీలం పువ్వులు కూడా రాలిపోతుంటే అప్పుడు కదిలించాలి. వంగ కేసరాలకి పుప్పొడి చివర సన్న కంతల్లోంచి వస్తుంది, ఉప్పు డబ్బా వంచి తడితే ఉప్పు పడినట్టు, అందుకని దీనికీ అదే బ్రష్ వైద్యం, కాడకి ఆనించడమే.

ఇప్పుడు విత్తనం కోసం పువ్వు కట్టడం. పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టులు పెట్టి ఇస్తారే పల్చటి నెట్ సంచులు, లాగితే మూతి బిగుసుకునేవి, అవి దాచుకోండి, ఇంతకంటే మంచి సామాను లేదు. పాలిథిన్ కవర్ మాత్రం కట్టకండి, మన ఎండకి లోపల ఆవిరి పట్టి పువ్వు ఉడికిపోతుంది. పద్ధతి ఇదీ: మొగ్గ రేపు విచ్చుకుంటుంది అనగా, రంగు తేలి ఇంకా మూసే ఉన్న మొగ్గకి ఈ సాయంత్రం సంచి తొడిగి కాడ దగ్గర బిగించండి, బిగించేటప్పుడు చీమలు లోపల లేకుండా చూసుకోండి. అప్పటికే విచ్చుకున్న పువ్వు గుత్తిలో ఉంటే దాన్ని తుంచెయ్యండి, దాంట్లో ఎవరి పుప్పొడి పడిందో మనకి తెలీదు. మర్నాడు, ఆ మర్నాడు సంచి మీదనుంచే కాడకి బ్రష్ ఆనించండి. పిందె బఠానీ గింజంత అయ్యి రేకులు రాలాక సంచి తీసేసి, ఆ కాడకి ఎర్ర ఊలు దారం కట్టండి. ఈ దారం కట్టడం మర్చిపోతే పడ్డ కష్టమంతా కూరలోకి పోతుంది, ఇంట్లో వాళ్ళందరికీ కూడా చెప్పాలి ఎర్ర దారం ఉన్న కాయ కొయ్యొద్దని.

మిర్చికి కూడా ఇదే. మిర్చి తన పుప్పొడితోనే కాస్తుంది, కానీ కీలాగ్రం కొంచెం బయటికి ఉంటుంది కాబట్టి ఈగలు చీమలు తిరిగి కలిపేస్తాయి. పక్కన క్యాప్సికం ఉంటే మరీ జాగ్రత్త. చాలామంది అనేది క్యాప్సికం పక్కన పచ్చిమిర్చి పెడితే క్యాప్సికం కాయ కారం అయిపోయింది అని, అది కాదు, ఈ ఏడాది కాయ గుజ్జు తల్లి మొక్కదే, మారదు, మారేది లోపలున్న విత్తనం, అది వచ్చే ఏడాది మొక్కయ్యి కాశాక బయటపడుతుంది. నా తెల్ల వంకాయ విషయంలో జరిగింది కూడా అదే. మొక్కజొన్నలో మాత్రం గింజే మనం తినేది కాబట్టి అదే ఏడాది కండెలో రంగు గింజలు కనిపిస్తాయి.

బెండకాయ అయితే సంచి కూడా అక్కర్లేదు, ఇది నాకు బాగా ఇష్టమైన పని. బెండ పువ్వు పొద్దున్న విచ్చుకుని మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుపోతుంది, ఒక్క పూట బతుకు. ముందురోజు సాయంత్రం మొగ్గ చివర లేత పసుపు తొంగిచూస్తుంది కదా, ఆ కొనని కుట్టు దారంతో రెండు చుట్లు చుట్టి వదులుగా ముడెయ్యండి. మర్నాడు పువ్వు లోపల పండుతుంది కానీ విచ్చుకోలేదు, బెండలో కేసరాలన్నీ కీలాన్నే చుట్టుకుని ఉంటాయి, పువ్వు లోపలే పుప్పొడి కీలాగ్రానికి అంటుకుపోతుంది, మీరు ఏం కదపక్కర్లేదు. ఒకటి రెండు రోజుల్లో ఎండిన రేకులు దారంతో సహా ఊడి పడతాయి, కింద చిన్న పిందె ఉంటుంది, దానికి ఎర్ర ఊలు కట్టెయ్యండి, అది మొక్క మీదే ఎండి పగుళ్ళు ఇచ్చేదాకా కొయ్యకండి. ఒక మొక్కకి రెండు కాయలు విత్తనానికి వదిలితే చాలు, ఎక్కువ వదిలితే మొక్క ఇక పూత మానేస్తుంది.

బఠానీ, అలసంద, చిక్కుడు జాతి వాటికి దాదాపు ఏమీ చెయ్యక్కర్లేదు. బఠానీ పువ్వులో కింది రెండు రేకులు పడవలా అతుక్కుని కేసరాల్ని కీలాన్ని మూసేసి ఉంచుతాయి, పువ్వు విచ్చుకోకముందే లోపల పుప్పొడి పడిపోతుంది. ఇప్పటి చెక్ దేశంలో బ్రనో ఊరి మఠంలో, తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకి ఎలా వస్తాయో లెక్కగట్టిన మెండెల్ 1856 నుంచి ఏళ్ళ తరబడి బఠానీ మీదే పని చేసింది ఇందుకు కూడా, పక్క మొక్క పుప్పొడి దానంతటది వచ్చి లెక్క పాడుచెయ్యదు కాబట్టి. ఆయన రెండు రకాల్ని కలపాలంటే మొగ్గలోనే కేసరాలు పీకేసి వేరే పుప్పొడి పెట్టేవాడు. ఆ ఫలితాలు అచ్చయింది 1866లో. చిక్కుడు మీద మాత్రం తుమ్మెదలు బాగా తిరుగుతాయి, రెండు రకాల చిక్కుడు పాదులు ఉంటే ఒక గుత్తికి సంచి కట్టుకోండి.

ఒక పల్లీ గింజ కూడా కుండీలో పెట్టండి, నూనె కోసం కాదు చూడ్డానికి. వేరుశెనగ పసుపు పువ్వు తెల్లవారుజామున పూసి మధ్యాహ్నానికి వాడిపోతుంది, ఆ లోపే తన పుప్పొడితో తను ఫలదీకరణ అయిపోయి, తర్వాత అక్కడినుంచి ఊడ దిగి మట్టిలోకి గుచ్చుకుని కాయ మట్టిలో ఊరుతుంది. పిల్లలకి చూపించండి, మా అబ్బాయి రోజూ స్కేలు పెట్టి ఊడ కొలిచేవాడు.

ఇంతకంటే వింత మీ కుండీల్లో కలుపుగా ఇప్పటికే ఉండుండొచ్చు. వానాకాలంలో గుండ్రటి ఆకులతో నేల మీద పాకి, నీలం రంగులో చిన్న పువ్వు పూసే మొక్క, వెన్నదేవి కూర అంటారు, పుస్తకాల్లో కామెలీనా. దాన్ని కలుపని లాగి పారేసే ముందు వేళ్ళ దగ్గర మట్టి దులిపి చూడండి, తెల్లటి సన్న కాడల చివర చిన్న చిన్న మొగ్గల్లా ఉంటాయి. అవి మొగ్గలు కాదు, విచ్చుకోని పువ్వులే, మట్టిలోనే ఉండి ఎప్పటికీ తెరుచుకోకుండా లోపల్లోపలే స్వపరాగం జరుపుకుని విత్తనం కట్టేస్తాయి. పైన నీలం పువ్వులు వేరు, కింద ఇవి వేరు, ఒకే మొక్క రెండు దారులూ పెట్టుకుంది. మొదటిసారి చూసినప్పుడు అరగంట అక్కడే కూర్చుండిపోయాను.

పాదులకి వద్దాం. సొర, బీర, కాకర, గుమ్మడి వీటికి మగ పువ్వులు వేరు ఆడ పువ్వులు వేరు, ఆడ పువ్వు వెనక బుల్లి పిందె ముందే ఉంటుంది, మగ పువ్వుకి వట్టి కాడే. ముందు కొన్నాళ్ళు మగ పువ్వులే వస్తాయి, కంగారొద్దు. ఇవి ఒకే పువ్వులో స్వపరాగం చేసుకోలేవు కానీ ఒకే పాదు మగ పువ్వుతో అదే పాదు ఆడ పువ్వుకి మనం చెయ్యొచ్చు, పైన చెప్పాను కదా అదీ స్వపరాగమే, పాదుల్లో ఇలా చేసినా సంతానం పెద్దగా బలహీనపడదు. టైం మాత్రం పాదుని బట్టి మారుతుంది, గుమ్మడి కాకర పొద్దున్నే, బీర సొర సాయంత్రం విచ్చుకుంటాయి. విచ్చుకునే కొన్ని గంటల ముందే ఒక ఆడ మొగ్గకి, రెండు మగ మొగ్గలకి కొనల దగ్గర తలపిన్ను క్లిప్పో దారమో పెట్టెయ్యండి. విచ్చుకునే వేళకి మగ పువ్వు కోసి రేకులు తీసేసి, ఆడ పువ్వు క్లిప్పు తీసి, కీలాగ్రానికి అన్ని వైపులా పుప్పొడి మెత్తగా రాసి, మళ్ళీ క్లిప్పు పెట్టెయ్యండి. ఒక వైపే రాస్తే కాయ వంకరగా పెరుగుతుంది. ఇంత చిన్న పని అనిపిస్తుంది కానీ వెనిల్లా పంట మొత్తం ఇలాంటి చేతి పని మీదే నిలబడింది, 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ళ బానిస పిల్లవాడు సన్న పుల్లతో పువ్వు లోపలి పొర ఎత్తి పుప్పొడిని కీలాగ్రానికి నొక్కే పద్ధతి కనిపెట్టాడు, ఇవాళ్టికీ అలాగే చేస్తారు.

కుదరనివి కూడా తెలుసుకోవాలి. మన వైపు అంత ఇష్టంగా తినే ఆగాకరకి మగ మొక్క ఆడ మొక్క వేరువేరు, ఒక్క దుంప పెట్టుకుని కాయ కోసం చూడొద్దు, మగ మొక్క ఒకటి తప్పకుండా ఉండాలి. ముల్లంగి తన పుప్పొడిని తనే ఒప్పుకోదు, విత్తనం కావాలంటే నాలుగైదు మొక్కలు కలిపి పూతకి వదలాలి. డ్రాగన్ ఫ్రూట్‌లో కొన్ని రకాలు కూడా అంతే. కాఫీలో కూడా ఈ తేడా ఉంది, అరకులో పండే అరబికా తన పుప్పొడితోనే కాస్తుంది, రోబస్టాకి పక్క మొక్క పుప్పొడి కావాల్సిందే.

హైబ్రిడ్ ప్యాకెట్ మొక్కకి ఇంత కష్టపడి పువ్వు కట్టొచ్చా అని అడుగుతారు. కట్టొచ్చు కానీ తల్లిలాంటి పిల్లలు రావు. రెండు వేర్వేరు రకాల్ని కలిపి చేసింది కదా, స్వపరాగం చేసిన ప్రతి తరానికీ ఆ కలగలుపు సగం సగం తగ్గుతూ వస్తుంది, ఆరేడు తరాలు మనకి నచ్చిన మొక్కనే ఎంచుకుంటూ పోతే అప్పుడు నిలకడ వస్తుంది. అంత ఓపిక లేకపోతే పూసా రూబీ టమాటా, అర్కా అనామిక బెండ, పూసా జ్వాలా మిర్చి లాంటి హైబ్రిడ్ కాని రకాలతో మొదలెట్టండి, వీటి విత్తనం ఏటా అదే కాపు ఇస్తుంది.

ఇక విత్తనం తియ్యడం. టమాటా అయితే బాగా పండనిచ్చి, గింజలు జిగురుతో సహా గ్లాసులో వేసి కొంచెం నీళ్ళు పోసి మూత వదులుగా పెట్టండి, మన వేడికి ఒకటిన్నర రెండు రోజులు చాలు, పైన బూజు తెట్టు కట్టాక గట్టిగా కడిగేస్తే జిగురు పోతుంది, మూడో రోజు దాటితే గ్లాసులోనే మొలకలొచ్చేస్తాయి. పళ్ళెంలో ఆరబెట్టండి, కాగితం మీద వేస్తే అంటుకుపోతాయి. నేరుగా ఎండలో పెట్టొద్దు, ఫ్యాన్ గాలి చాలు. సముద్రపు తేమ ఉన్న ఊరు కదా, ఆరింది అనుకున్నవి కూడా మళ్ళీ మెత్తబడతాయి, అందుకని గాజు సీసాలో అడుగున కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలో, బాగా వేయించి చల్లార్చిన బియ్యమో వేసి, పైన విత్తనం కాగితం పొట్లం కట్టి పెట్టండి.

వంకాయ మాత్రం కూరకి కోసే దశలో విత్తనం పనికిరాదు. ఎర్ర దారం కట్టిన కాయ మొక్క మీదే ముదిరి పసుపు తిరిగి తోలు గట్టిపడేదాకా ఉంచండి, కోశాక ఇంకో వారం నీడలో పెట్టి, అప్పుడు చీల్చి నీళ్ళలో పిసకండి, మునిగిన గింజలు ఉంచుకుని తేలినవి పారబొయ్యండి. ఒకే మొక్క మీద ఆధారపడకుండా ఐదారు మొక్కల కాయలు కలపండి. పొట్లం మీద రకం, నెల, ఏడాది, పువ్వు కట్టినదో కాదో పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఇంకు తేమకి చెదిరిపోతుంది. మామ్మగారి తెల్ల వంగ ఇప్పుడు నా దగ్గర నాలుగో తరం, నాలుగేళ్ళలో ఒక్క ఊదా కాయ రాలేదు, ఈసారి తీసిన పొట్లాల్లో ఒకటి ఆవిడకే పంపించాను, ఆవిడ దగ్గరున్నవి అయిపోయాయట.